మంత్రిగారి మాట, మా అమ్మ చేతులు

నాకు మాటల కంటే ముందు సైగలు వచ్చాయి. మా అమ్మకి పుట్టుకతోనే వినపడదు. నాన్నకి వినపడేది గానీ, నెల్లిమర్ల జనపనార మిల్లులో మగ్గాల దగ్గర పని. ఆ హోరులో పక్కవాడి మాట పక్కవాడికి అందదు కనక అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారట. టీకి వెళ్దామా, మేస్త్రీ వస్తున్నాడు, ఇవాళ ఒంట్లో బాగోలేదు, అన్నీ చేతులే. పెళ్ళిచూపుల్లో పిల్లకి వినపడదని తెలిసి నాన్న తరఫు వాళ్ళు లేవబోతుంటే, ఆయన మాత్రం కదలకుండా మిల్లు సైగతో 'అన్నం తిన్నావా?' అని అడిగాడనీ, అమ్మ నవ్విందనీ మా మేనత్త చెప్పేది. అలా కుదిరిన సంబంధం అది. మా ఇంట్లో గొంతులు తక్కువ, చేతులకి మాత్రం ఖాళీ ఉండేది కాదు.

ఇప్పుడు నేను విజయనగరంలో వినపడని పిల్లల బడిలో టీచర్ని. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది.

ఓ రోజు క్లాసులో ఉండగా శ్రీకాకుళం నుంచి ఒక కుర్ర ఆఫీసరు ఫోన్ చేశాడు. మంత్రిగారు జనంతో ముఖాముఖి పెడుతున్నారట. న్యాయం, చదువు, ఇల్లు, ఈ మూడింటి మీద ఎవరేమడిగినా జవాబు చెప్తారట. వినపడని వాళ్ళు కూడా కొందరు వస్తారు కనక సైగల్లో చెప్పే మనిషి కావాలన్నాడు.

"స్టేజీ మీద ఓ పక్కన నిలబడి చేతులు ఊపితే చాలు మేడమ్. టీవీలో కూడా బాగుంటాది" అన్నాడు.

ఆ 'ఊపితే చాలు' దగ్గర నాకు ఒళ్ళు మండింది. అయినా వస్తానన్నాను. అమ్మకి చెప్పగానే తనూ వస్తానంది. మా ఇంటి సైగల్లో మంత్రి అంటే మెడలో దండ వేసుకున్నట్టు చూపించడం. అమ్మ ఆ దండ రెండుసార్లు వేసుకుని, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

ముఖాముఖి పెట్టింది పెళ్ళిళ్ళు జరిగే ఫంక్షన్ హాల్లో. వధూవరుల కుర్చీలు తీసేసి పెద్ద బల్ల వేశారు. మేం పెందలాడే వెళ్ళాం. వెళ్ళిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. నన్ను నిలబడమన్న చోట సరిగ్గా వెనక నుంచి పెద్ద లైటు పడుతోంది. వెనక లైటుంటే ముందు ఉన్నవాళ్ళకి నా చేతులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి, వేళ్ళు తెలియవు. అది మార్చమని అడిగితే "లైటు వాళ్ళు వేరేనండి" అన్నారు. వినపడని వాళ్ళని అధికారుల తలకాయల వెనక వరసలో కూర్చోబెట్టారు. నేను వాళ్ళని ముందు వరసలోకి తెచ్చాను. ఆ కుర్ర ఆఫీసరు వచ్చి మళ్ళీ వెనక్కి పంపాడు. అతను అటు తిరగ్గానే నేను మళ్ళీ ముందుకి తెచ్చాను. ఈసారి అతను చూసి కూడా ఊరుకున్నాడు. లైటు మాత్రం నేనే కుర్చీ ఎక్కి పక్కకి తిప్పుకున్నాను.

కిందికి దిగి చూస్తే అమ్మ తన కుర్చీలో లేదు.

మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర కనిపించింది. ఎదురుగా యాభై ఏళ్ళ మనిషి, ఊదారంగు నేత చీర, భుజాన గుడ్డ సంచీ. ఇద్దరి చేతులూ గాల్లో పరుగులు పెడుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూశాను గానీ ఆమె సైగల్లో సగం నాకు అందలేదు. బడికి వెళ్ళిన వాళ్ళ సైగలు కావవి. ఇంట్లో వాళ్ళతో బతుకు గడవడానికి ఆమె తనంతట తాను పుట్టించుకున్నవి. అమ్మ కూడా బడి మొహం చూడని మనిషే కనక ఎలాగో పట్టుకుంటోంది. ఒకటి అర్థం కాకపోతే నుదురు ముడేసి మళ్ళీ చెయ్యమంటోంది. అర్థమైతే మోకాలి మీద చరుస్తోంది.

ఆమె పక్కనే వాళ్ళన్న నిలబడి ఉన్నాడు. పాతపట్నం దగ్గర పల్లెటూరు వాళ్ళది, ఒరిస్సా పొలిమేర. సంగతంతా ఆయన చెప్పాడు.

"మా బావ పోనాడండి. ఆ మజ్జిన తుపానుకి ఇంటి పెంకులన్నీ ఎగిరిపోనాయి. మా సెల్లి మా ఇంటికొచ్చి కొన్నాళ్ళున్నాది. తిరిగెల్లేసరికి ఇంటికి తాళమేసేసినాడు ఆళ్ళ మరిది. తనంతట తనే ఎల్లిపోనాది, ఇంక దానికేటి వాటా అంతన్నాడు. కోర్టుకెల్లేం."

"కోర్టులో ఏమైంది?"

"ఏటవుతాదండి? దీన్ని బోనులో నిలబెడతారు. జడ్జీగారు అడుగుతారు. ఇది చేతులాడిస్తాది. ఎవులికీ తెల్దు. తెలిసినోల్ని తెమ్మంటారు, మళ్ళీ వాయిదా."

"మీకు తెలుసు కదా?"

"అన్నం, నీళ్ళు, రా, పో. అంతేనండి మాకొచ్చింది. చిన్నప్పుడే పెళ్ళి చేసి పంపేసినాం. దీంతో బాగా మాటాడాలంటే ఆ తోడికోడలే. ఒక్క పొయ్యి దగ్గర ఇన్నేళ్ళు బతికినారు మరి. ఆవిడేమో అటు పక్క."

ఈమె మాట తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఈమెకి ఎదురు నిలిచిన వాడి పెళ్ళాం.

ఇవాళ మంత్రిగారిని అడుగుదామని వచ్చారు. అడిగేవాళ్ళ పేర్లు ముందే ఖాయమైపోయాయని గుమ్మం దగ్గర చెప్పారట. "సూద్దారి, వచ్చేం కదా" అని అన్నగారు వెనక వరసకి పోయాడు. అమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

మంత్రిగారు బాగా ఆలస్యంగా వచ్చారు. నేను ఏదో ఊహించుకున్నాను గానీ, మామూలుగా, అలిసిపోయిన మనిషిలా ఉన్నారు. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని తాగుతూ, మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఎవరు లేచినా "చెప్పు తల్లీ", "చెప్పు పెద్దాయనా" అనేవారు. మర్యాదకి లోటు లేదు.

మొదట డిగ్రీ చదివే అమ్మాయి లేచింది. కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్ళు లేరు, పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఎవరిని పంపుతారు అని అడిగింది. మంత్రిగారు విద్య గురించి చాలాసేపు చెప్పారు. "ఒక సమగ్ర ప్రణాళికతో దశలవారీగా ముందుకు వెళ్తున్నాం" అన్నారు చివర్లో. నేను ఆలోచన, మెల్లగా, నడక, అని చూపించాను. ముందు వరసలోంచి అమ్మ చెయ్యెత్తి అడిగింది: 'ఎక్కడికి నడుస్తున్నారు?'

నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

తరవాత ఒక ముసలాయన. ఇళ్ళ స్థలం ఇచ్చారు, సంతోషమే, కానీ అది పల్లం, వాన పడితే మోకాల్లోతు నీళ్ళు, అక్కడ ఇల్లెలా కట్టుకోమంటారు అన్నాడు. "తప్పకుండా పరిశీలిస్తాం" అన్నారు మంత్రిగారు. నేను కళ్ళ దగ్గర్నుంచి రెండు వేళ్ళు ముందుకి చాపి, చూస్తారని చెప్పాను. అమ్మ వెంటనే: 'చూసి?' నేను: 'అంతే.' అమ్మ తొడ మీద చరిచి పక్కకి తిరిగిపోయింది.

నా పని నాకు తెలుసు. ఆయన మాటని బాగుచెయ్యకూడదు, పాడుచెయ్యకూడదు. కానీ సైగలో 'చర్యలు తీసుకోబడతాయి' అనడం కుదరదు. ఎవరు, ఏం, ఎప్పుడు చేస్తారో చేతులకి తెలియాలి. తెలియకపోతే చేతులు గాల్లో ఆగిపోతాయి. ఆ మధ్యాహ్నం నా చేతులు ఎన్నిసార్లు ఆగిపోయాయో! భుజాలు లాగేస్తున్నాయి. ఆయన చెప్పకపోవడం వల్ల వాళ్ళకి అర్థం కావడం లేదా, నేను చెప్పలేకపోవడం వల్లనా అని ఒకటే పీకులాట. ముందు వరస చివర్లో ఉన్న ఇద్దరు ముగ్గురు వినపడని కుర్రాళ్ళు నన్ను చూడడం మానేసి సెల్‌ఫోన్లు తీశారు.

కార్యక్రమం అయిపోతోందనగా పాతపట్నం ఆవిడ లేచి నిలబడింది.

కుర్ర ఆఫీసరు కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆమె కూర్చోలేదు. అతను దగ్గరికి వస్తుంటే మంత్రిగారే, "ఆగండాగండి. ఏంటమ్మా?" అన్నారు. ఆమె అలాగే నిలబడింది. "వినపడదండీ" అన్నాను నేను. ఈలోపల మా అమ్మ లేచి, ఎవర్నీ అడక్కుండా వెళ్ళి ఆమెకి ఎదురుగా నిలబడింది. ఆమె సైగ అమ్మకి, అమ్మ సైగ నాకు, నా నోట్లోంచి మైకులోకి. అలా మొదలైంది.

"నా ఇంటికి తాళం వేశారు. నేనెక్కడ ఉండాలి?" అన్నాను నేను.

మంత్రిగారు నా వైపు తిరిగారు. "మీదే ఊరమ్మా? ఉద్యోగం చేస్తున్నారు కదా, మీ ఇంటికి తాళం వెయ్యడమేంటి?"

"నా మాట కాదండీ, ఆమెది. ఆమె 'నేను' అంటే నేను కూడా 'నేను' అనే చెప్పాలి."

ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు తలూపి, "అలాగా. అయితే ఆవిడ వంకే చూస్తాను" అని కుర్చీ కాస్త జరుపుకుని ఆమెకేసి తిరిగారు. తుపాను, పెంకులు, తాళం, కోర్టు, వాయిదాలు, అన్నీ చెప్పాం.

"కోర్టులో ఉన్న విషయంలో మేం వేలు పెట్టకూడదమ్మా. న్యాయం చెప్పాల్సింది న్యాయస్థానం" అన్నారు మంత్రిగారు. అది నిజమే. ఆ మాటే నేను అమ్మకి చెప్పాను. మా ఇంట్లో న్యాయమంటే రెండు కంచాల్లో సమానంగా అన్నం వడ్డించినట్టు చూపించడం. చిన్నప్పుడు నాకూ మా తమ్ముడికీ మధ్య తగువొస్తే అమ్మ అలా చూపించేది, అదే మా మాటై కూర్చుంది. అమ్మ ఆ సైగే ఆమెకి చేసింది. పాతపట్నం ఆవిడ మొహం ఒక్కసారిగా మారిపోయింది. పొట్ట మీద కొట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపింది.

నేను మైకులో చెప్పక తప్పలేదు. "నేను అన్నం అడగలేదు. నాకు అన్నం ఉంది."

హాల్లో గుసగుసలు లేచాయి. మంత్రిగారు నొచ్చుకున్నారు. "అన్నమని నేనెప్పుడన్నాను తల్లీ?" ఏం జరిగిందో నేను ఆయనకి వివరించాను, అమ్మ ఆమెకి వివరించింది. ఎవరో నవ్వారు.

మంత్రిగారు పక్కనున్న ఇళ్ళ అధికారిని అడిగారు. "పాత ఇల్లు కూలితే కొత్తది మంజూరు చెయ్యొచ్చు కదా?"

"చెయ్యొచ్చండి. కానీ స్థలం మీద తగువుంటే కుదరదు సార్. కేసు తేలాలి."

"చదువుకుని ఉంటే కాగితమ్మీద రాసిచ్చేది కదా. ఎందుకు చదివించలేదు?" అన్నారు మంత్రిగారు, ఎవరినని లేకుండా.

వెనక వరసలోంచి అన్నగారు లేచాడు. "ఏ బడికి పంపమంతారు బాబూ? మామూలు పిల్లగుంటలికే బడి నేదు ఆ రోజుల్లో మా ఊళ్ళో. దీనికెక్కడ?"

మంత్రిగారు వేడినీళ్ళు తాగారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. తరవాత మైకు దగ్గరికి జరిగి, "చూశారా, ఇల్లు కోర్టు దగ్గర ఆగింది. కోర్టు మాట దగ్గర ఆగింది. మాట బడి దగ్గర ఆగిపోయింది" అన్నారు.

చప్పట్లు మోగాయి. నిజంగానే బాగా అన్నారు. కానీ ఆ చప్పట్లకి నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. పాతపట్నం ఆవిడ చుట్టూ చూసి, అందరూ ఎందుకు చేతులు కొడుతున్నారని మా అమ్మని అడిగింది. ఆమె ఇల్లు వచ్చేసిందా అని అమ్మ నన్ను అడిగింది. లేదన్నాను. అమ్మ ఆమెకి లేదని చెప్పింది.

అప్పుడామె మా అమ్మ భుజం మీద చెయ్యి వేసి, మంత్రిగారి వైపు చూస్తూ ఏదో అడిగింది. అమ్మ నాకు చెప్పడానికి తటపటాయించింది, తన గురించే కాబట్టి.

"ఈమెని నాతో కోర్టుకి పంపండి" అన్నాను.

"ఈవిడెవరు?"

"మా అమ్మండీ."

అందరూ నవ్వారు. మంత్రిగారూ నవ్వారు. "ఈమెకి వినపడుతుందా?"

"వినపడదండీ."

"మరి కోర్టులో ఎలా?"

"ఆమె సైగలు అమ్మకి తెలుస్తాయి. అమ్మ సైగలు నాకు తెలుస్తాయి. ఇప్పుడు మీతో మాట్లాడినట్టే."

ఆయన నవ్వు ఆపి అమ్మ వంక చూశారు. "నేను కోర్టుకి ఇలా చెయ్యమని చెప్పలేను. చెప్పకూడదు. కానీ ఉచితంగా వాదించే లాయర్లు ఉంటారు కదా, వాళ్ళ చేత మిమ్మల్ని అనుమతించమని కోర్టుని అడిగించగలను. అది చేస్తాను."

చేస్తాను అన్నారు. ఆ రోజు మొదటిసారి నా చేతులకి పట్టుకోవడానికి ఒక క్రియ దొరికింది. వెంటనే 'ఎప్పుడు?' అని అడిగింది ఆమె. "ఈ వారంలోనే" అన్నారు మంత్రిగారు. లేస్తూ, "మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి" అని నాతో అన్నారు. అమ్మ అప్పటికే ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టి నిలబడి ఉంది. ఆయన అది చూసి గబగబా తనూ చేతులు జోడించారు.

ఆ వారం గడిచింది. తరవాతి వారమూ గడిచింది. నాకు తిన్నది ఒంటికి పట్టేది కాదు. క్లాసులో పాఠం చెప్తూ మధ్యలో ఫోన్ చూసుకునేదాన్ని. పిల్లలు 'టీచరు గడియారంలో ముల్లు' అని నాకో సైగ పేరు పెట్టారని తరవాత తెలిసింది. కుర్ర ఆఫీసరుకి ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉన్నాది మేడమ్" అనేవాడు. పాతపట్నం నుంచి అన్నగారు ఫోన్ చేసి "ఏటండి, ఏటైనా తెలిసిందా?" అనేవాడు. తెలియలేదని చెప్పడం నాకు చచ్చేంత కష్టంగా ఉండేది.

అమ్మకి ఈ కంగారేం లేదు. ఓ ఉదయం చూస్తే సంచీ సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. 'ఎక్కడికి?' అంటే, 'ఆమె దగ్గరికి. కోర్టు పిలిచేలోపల ఆమె సైగలన్నీ నేర్చుకోవాలి' అంది. పిలుస్తుందో లేదో తెలియదే అంటే, 'పిలవకపోతే ఏం, మాట్లాడుకుంటాం' అంది. సెలవు పెట్టి బస్సులో తీసుకెళ్ళి అన్నగారింట్లో దింపి వచ్చాను.

ఆ తరవాత మా ఇల్లు నాకు మరీ ఇరుకైపోయింది. వంట చేస్తూ అలవాటుగా వెనక్కి తిరిగి ఏదో సైగ చేసేదాన్ని. అక్కడెవరూ ఉండేవారు కాదు. సాయంత్రాలు అన్నగారి ఫోన్లో అమ్మ కనిపించేది, కొత్తగా నేర్చుకున్న సైగలు నాకు నేర్పేది. ఆవు అంటే అది, పెద్దన్న అంటే ఇది, జీడిపప్పు కొట్టే పని అంటే ఇదిగో ఇలా. మొహం వెలిగిపోతుండేది.

ఎట్టకేలకి ఉచితంగా వాదించే లాయరమ్మ ఒకావిడ ఫోన్ చేసింది. కోర్టు ఒప్పుకుందట, మేమిద్దరం రావాలట. మంత్రిగారి మాట వల్ల జరిగిందో, ఆ లాయరమ్మ పట్టుదల వల్ల జరిగిందో, నా ఫోన్లకి విసిగిపోయి ఎవరైనా చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

కోర్టు హాలు చిన్నది, ఉక్కగా ఉంది. జడ్జీగారు నా కంటే వయసులో చిన్నావిడ. పాతపట్నం ఆవిడ చేతులతో చెప్పేదంతా వీడియో తియ్యమన్నారు. నాతోనూ అమ్మతోనూ ప్రమాణం చేయించారు. మరిది తన లాయరు వెనక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య, అదే తోడికోడలు, ఆఖరి బెంచీ మీద కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఉంది.

మొదట్లో బాగానే సాగింది. భర్త పోవడం, తుపాను, పెంకులు ఎగిరిపోవడం. గాలి వచ్చిన తీరు ఆమె రెండు చేతులతో చూపిస్తుంటే అటెండరు కూడా నోరు తెరుచుకుని చూశాడు.

అవతలి లాయరు లేచాడు. "నువ్వు నీ ఇష్టంతోనే ఇల్లు వదిలి వెళ్ళిపోయావు కదా?"

కాదంది.

"మరి ఎవరు వెళ్ళమన్నారు?"

ఆమె నోటి దగ్గర ఏదో పట్టుకుని కొరికినట్టు చేసి, ఒక కన్ను గట్టిగా మూసింది. అమ్మ ఆగిపోయింది. ఆమె దగ్గరున్న అన్నాళ్ళలో ఆ సైగ ఒక్కసారీ చూడలేదు. మళ్ళీ చెయ్యమంది. ఆమె మళ్ళీ అలాగే చేసింది. అమ్మ నా వైపు తిరిగి అనుమానంగా చెప్పింది.

"చింతకాయ అంటోందండీ" అన్నాను నేను.

"చింతకాయ ఇంట్లోంచి పొమ్మందా?" అన్నాడు లాయరు. కోర్టంతా నవ్వులు. జడ్జీగారు బల్ల మీద కొట్టారు. అమ్మ ఇంకో రకంగా అడిగింది. పులుపా? చెట్టా? తోటా? ఆమెకి కోపం వచ్చేసింది. అదే సైగ ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా చేస్తోంది. అమ్మ చేతులు కిందికి దించేసింది. అమ్మ అలా చేతులు దించెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. నమ్ముకుని వచ్చినందుకు ఈమెని నవ్వులపాలు చేశామా అనిపించింది.

"అది నానేనండి."

వెనక నుంచి వచ్చింది మాట. తోడికోడలు లేచి నిలబడి ఉంది.

"నాను కొత్తకోడలుగా వచ్చినేడే కడుపుతో ఉన్నాను. మా అత్తకి తెలకుండా పచ్చి చింతకాయలు తెచ్చి ఇచ్చీది. పులుపుకి నాను కన్ను మూసీదాన్ని. అప్పట్నించీ నా పేరదే. నన్ను అలగే పిలుస్తాది." పాతపట్నం ఆవిడ వంక చూసింది. "నానే ఎల్లమన్నాను. నెత్తిమీద పెంకు నేదు, వానలో ఎలగుంటావు, మీ అన్న కాడికెల్లు, కప్పు ఏసినాక కబురెడతాను అన్నాను. మాతో ఉండమందును, మాదీ సగం ఎగిరిపోనాది."

ఆమె మొగుడు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

జడ్జీగారు పెన్ను పక్కన పెట్టి, "మీరు కూర్చోండమ్మా. ఇలా లేచి చెప్పింది నేను రాసుకోకూడదు. అవసరమైతే మిమ్మల్ని సాక్షిగా పిలిపిస్తాను" అన్నారు మెత్తగా.

ఆ అవసరం రాలేదు. తరవాతి వాయిదాకి ముందే మరిది తరఫు లాయరు రాజీకి వచ్చాడు. లోక్ అదాలత్‌లో స్థలం రెండు భాగాలు చేశారు. వీధి వైపుది ఆమెకి వచ్చింది. కానీ నేను మరిచిపోలేనిది అది కాదు, కోర్టు వాయిదా పడ్డాక బయట జరిగింది.

కాఫీ బడ్డీ పక్కన తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. దగ్గరికి తీసుకోలేదు, ఏడవలేదు. పాతపట్నం ఆవిడ చేతులు లేచాయి. అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. తోడికోడలు అంతకంటే వేగంగా జవాబు చెప్పింది. వినపడే మనిషి చేతుల్లో అంత నేర్పు ఉండగా మా నాన్నలో తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను. ఇన్నాళ్ళు ఆమె దగ్గరే ఉన్న అమ్మకి కూడా ఒక్క ముక్క అందలేదు. 'నాకేం తెలియడం లేదు' అని నాకు చెప్పి, కుతూహలంగా చూస్తూ నిలబడింది.

ఆగలేక తోడికోడల్ని అడిగాను. "ఏమంటున్నారమ్మా ఆవిడ?"

"తిడతన్నాదండి" అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"ఏమని?"

"అయన్నీ మీకెందుకండి."

నిజమే, నాకెందుకు? పక్కకి వచ్చేశాను.

స్థలం తగువు తేలాక ఇల్లు మంజూరైంది. పునాది వేశారు, గోడలు లేచాయి, వానలకి కొన్నాళ్ళు ఆగింది, తరవాత స్లాబు పడింది. గృహప్రవేశానికి మేమూ వెళ్ళాం. మరిది రాలేదు. అతను ఇప్పటికీ వదినతో మాట్లాడడు. పెళ్ళాంతో కూడా చాలా రోజులు మాట్లాడలేదట, ఆమె కొన్నాళ్ళు కూతురింటికి పోయి వచ్చింది. గృహప్రవేశం రోజు మాత్రం పెరటి దారిన వచ్చి, పాలు పొంగించి, భోజనాల దగ్గర వడ్డించి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ ముఖాముఖి చూసినవాళ్ళు ఇప్పుడు మాకు ఫోన్లు చేస్తున్నారు. పార్వతీపురం వైపు నుంచి, టెక్కలి వైపు నుంచి. ఎక్కడో ఒక మనిషి ఉంటాడు, అతనికి ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసిన సైగలుంటాయి, అతనికో తగువుంటుంది. వెళ్ళిన ప్రతిచోటా కొత్త భాషే. కొన్నిచోట్ల మావల్ల కాక తిరిగి వచ్చేశాం. ఒకసారైతే రోజంతా కూర్చున్నా ఆ పెద్దాయన ఏం చెప్పదలుచుకున్నాడో మా ఇద్దరికీ తెలియలేదు. ఆయన మొహం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. బస్సులో తిరిగొస్తుంటే అమ్మ హాయిగా నిద్రపోతుంది. నాకు మాత్రం కునుకు పట్టదు. ఒళ్ళో చేతులు వాటంతటవే కదులుతుంటాయి.

నిన్న మళ్ళీ ఫోన్ వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లెలో ఒక కుర్రవాడి మీద పోలీసు కేసు, అతని మాట ఎవరికీ అర్థం కావడం లేదట. నేనింకా బడిలో సెలవు అడగలేదు, హెడ్మాస్టరు ఈసారి ఇస్తారో ఇవ్వరో తెలియదు. అమ్మ సంచీ సర్దేసుకుని, చెప్పులు కూడా వేసుకుని, గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.